అచ్చు

లానిల్దుట్ రేవులో
మా నాన్న గుల్వెన్ పడవకి ఒక ఇనుప చెయ్యి ఉండేది.
వంకర కొక్కేన్ని నీళ్లలో గిర్రున తిప్పి
జడ పట్టుకుని లాగినట్టు
నాచుని రాయి నుంచి పెకలించేవాడు.
పడవ నిండా నాచు, దానికి రెట్టింపు తిట్లు.

ఆ నాచు మా ఫ్యాక్టరీకే వచ్చేది.
నేను మూడో తొట్టి మనిషిని.
ముందు ఆమ్లంలో కడుగుతాం, తర్వాత సోడాలో ఉడికిస్తాం,
ఆకు ఆనవాలు పోయి గంజవుతుంది.
వడకట్టి, రంగు తీసి, వాసన తీసి,
ఎండబెట్టి పొడి చేస్తే
పాతిక కిలోల సంచీలో
మైదాపిండంత మర్యాదగా కూర్చుంటుంది.
ఎంత చిక్కన కావాలో కొనేవాడు చెప్తాడు.
ఐస్‌క్రీముకి ఒక కొలత, బట్టల అద్దకానికి ఇంకోటి.
దాని లోపలి గొలుసుల్ని ఆ మేరకు తెంపి ఇస్తాం.

మరి సముద్రం ఎటు పోతుందని నాన్న అడిగితే
కాలవలోకి, అన్నాను.

మొన్న మంగళవారం బ్రెస్ట్‌లో పళ్ల డాక్టరమ్మ
గులాబీరంగు ముద్ద కలిపి
ఆయన నోటినిండా పెట్టి నొక్కింది.
నలభై ఏళ్లు సముద్రాన్ని తిట్టిన నోరు
సముద్రమే మూసింది.
నాన్న కళ్లు నావైపు తిరిగాయి.
అవునని తలూపాను.

తీశాక ఉమ్మేసి అన్నాడు:
"పుదీనా!
మీరు మరీ బాగా కడిగేశారే."

ట్రేలో ఆయన చిగుళ్లు,
మిగిలిన రెండు పళ్లు,
ఎప్పుడో కొక్కెం తగిలిన గాటు కూడా.
డాక్టరమ్మ తడిగుడ్డ కప్పింది.
వెంటనే ప్లాస్టర్ పొయ్యాలట,
తడారితే ముడుచుకుపోతుందట.

నాకు తెలుసండీ, అన్నాను.
నాన్న అప్పటికే కిటికీ దగ్గర నిలబడి
పోటు ఎంతవరకు వచ్చిందో చూస్తున్నాడు.