ఆరో గది

సోల్జర్‌పేట ఎస్తేరమ్మ తెచ్చింది,
పాత లుంగీలో చుట్టి, చంటిపిల్లని పట్టుకున్నట్టు.
"బియ్యం డబ్బా అడుగున దొరికింది బాబూ.
టేసన్లో ఇచ్చీడానికే. ఏ కాలం నాటిదని అడిగితే
ఏటి సెప్పమంటావు?"

ముందు తూటా గదులు తిప్పి చూశాను. ఖాళీ.
నడుం విరిస్తే పాత గొళ్లెంలా మూలిగింది.
కిరోసిన్ గుడ్డకి ఎర్రగా అంటుకుంది
ఎన్నేళ్ల సముద్రపు గాలో.

గొట్టం మీద కిరీటం గుర్తు.
కింద ఒక మూడు, పక్కన
మరో మూడా, ఎనిమిదా? ఉప్పు తినేసింది.
భూతద్దం పెట్టాను. గోటితో తడిమాను.
కాగితం అద్ది పెన్సిలుతో రుద్దాను.
మూడే.

"ముప్పై మూడు" అన్నాను.
"తాత అప్పటికి రేవులో కస్టమ్స్ జవాను"
వేళ్ల మీద లెక్కేసుకుంది.

ఐదు గదులు అద్దంలా ఉన్నాయి.
ఆరోదాని నిండా మశూచి మచ్చలు.
పేల్చి, తుడవకుండా దాచేస్తే
ఇనుముకి వచ్చే జబ్బది.

పుట్టిన ఏడు పైన కొట్టి ఉంటుంది.
పేలిన రాత్రిని ఎవరూ చెక్కరు.

నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదు.
లుంగీ మడత పెడుతూ అంది:
"దీపావళి టపాకాయలకి మా మామ్మ
మంచం కిందకెలిపోయీది."