వాదినే కదమ్మా

హల్ నగరం, మూడో అంతస్తు.
కిటికీ అవతల నది కాదు, సముద్రమూ కాదు,
రెంటికీ మధ్య బురద రంగు నీళ్ళు.
నా పని దుబాసీ. గంటకి ఇరవై రెండు పౌన్లు,
బస్సు ఛార్జీ నాదే.

నా పక్క కుర్చీలో నూకరత్నం.
పూడిమడక నుంచి గ్రిమ్స్‌బీ దాకా
చేప వాసన వెంటే వచ్చిందట,
సబ్బులు మార్చినా పోలేదట.
ఫ్యాక్టరీలో కత్తి పట్టే బల్ల మగవాళ్ళది,
గంటకి పౌనూ ఎనభై పెన్నీలు ఎక్కువ.
డబ్బాల్లో సర్దే బల్ల ఆడవాళ్ళది.
కత్తి అడిగితే సూపర్‌వైజరు నవ్వి
"వేళ్ళు తెగితే నీ మొగుడికేం చెప్పను?" అన్నాడట.
ఏడేళ్ళప్పుడే వంజరం తల తీసిన వేళ్ళవి.

కంపెనీ లాయరు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు:
"మీరు ఫెమినిస్టా?"

ప్రశ్న నా దగ్గర ఆగింది.
దుబాసీకి దొరికేది ఒక్క గుటక పాటు సమయం.

లింగవివక్షా వ్యతిరేకి అందామా?
ఆఫీసు గోడకి అంటించిన సర్క్యులర్‌లా ఉంటుంది,
ఎవరూ చదవరు.
ఫెమినిస్టు అనే ఉంచేద్దామా?
మా వాళ్ళ విందుల్లో బిర్యానీ గిన్నె పక్కన
"ఆవిడ ఫెమినిస్టు లెండి" అని
నన్ను పరిచయం చేసే మాట అది.
ఆ "లెండి"లో తలుపు వేసిన చప్పుడుంటుంది.
ఇక ఈవిడతో మాట్లాడక్కర్లేదు,
ఆ పెరుగు పచ్చడి ఇటు జరపండి.

చివరికి "స్త్రీవాదా?" అని అడిగాను.

నూకరత్నం నన్ను చూసింది,
నాకేదో తెలివి తక్కువైనట్టు.
"వాదినే కదమ్మా. ఆ కాయితంలో రాసుంది గదా.
కంపెనీవోడు పెతివాది, నాను వాది.
ఆడదాన్నని ఎలాగూ కనిపిత్తంది.
ఇంకేటి అడగాలంట?"

దీన్ని అవతలి ఒడ్డుకి ఎలా దాటించను?
అక్కడ ఫిర్యాదు చేసినవాళ్ళది ఒక మాట,
సిద్ధాంతం పట్టుకున్నవాళ్ళది ఇంకో మాట,
ఒకదాని మొహం ఇంకోటి ఎరగదు.
మన దగ్గర రెండూ ఒకే గదిలో అద్దెకుంటాయి.
"ఈ కేసు నాదేనని ఆమె అంటోంది" అన్నాను.
సగం మాట నీళ్ళలో జారిపోయింది.
మిగిలిన సగం జడ్జి రాసుకుంది.

మధ్యాహ్నం మెట్ల మీద
వెనిగర్ చల్లిన చిప్స్ తింటూ
నోటుపుస్తకం తిరగేశాను.
పొద్దుటి గీతలు, మర్యాదలు రాసే తీరిక లేనివి:
లాయరు వచ్చాడు. వాన వచ్చింది.
చేపల లారీ వచ్చింది. జడ్జి వచ్చింది.
నూకరత్నం వచ్చింది.

ఎనిమిదో తరగతిలో భాష్యం మేష్టారు చెప్పారు:
మగవాడు మహత్తు.
ఆడది, ఆవు, అలమర అమహత్తు.
ఎందుకండీ అని చెయ్యెత్తితే
"వ్యాకరణం అంతేనమ్మా, దానికి దురుద్దేశం లేదు" అన్నారు.
కత్తి బల్లకీ దురుద్దేశం లేదట,
పొద్దున లాయరు చెప్పాడు.

రెండింటికి తలుపు తెరుచుకుంది.
ఒక పూట జీతం వదులుకుని
లిథువేనియా దాల్యా, పోర్చుగల్ గ్రాసిందా,
గ్రిమ్స్‌బీ దాటి ఎన్నడూ ఉద్యోగం చెయ్యని షీలా.
షీలా చేతిసంచీ మీద ఇంకా రెండు పొలుసులు మెరుస్తున్నాయి.
సాక్షులు.
నూకరత్నం నా మోచెయ్యి గిల్లింది:
"వచ్చేరమ్మా!"

వచ్చారు.
ఒక్కతే వస్తే వానతో, లారీతో జమ.
ఇంకొకతె పక్కన నిలబడితే చాలు
క్రియ మారిపోతుంది,
భాష గతిలేక మనుషుల్లో కలుపుకుంటుంది.
ఈ బహువచనం సంగతి అదే పేజీలో కింద ఉండేది.
గంట కొట్టేశారు, మేష్టారు అక్కడి దాకా రాలేదు.

తీర్పు ఏమైందని అడక్కండి,
ఆ రోజుకి దుబాసీని పిలవలేదు.
నాకు గుర్తున్నది ఇంతే:
జడ్జి మళ్ళీ లోపలికి వస్తుంటే
గుమాస్తా పొడిగా ఒక మాటన్నాడు.
తెలుగు చెయ్యడం నా డ్యూటీ.
నూకరత్నం చెవి దగ్గర వంగి
"లెండి" అన్నాను.

అందరూ లేచారు.
షీలాకి మోకాలి నొప్పి,
కాస్త ఆలస్యంగా.