టవర్ చెవి

మూడు వారాలుగా కొండ మీది టవర్‌కి
వినపడటం లేదు.
మాట్లాడటం మానలేదు, అందరి ఫోన్లలోనూ
గీతలు నిండుగానే ఉన్నాయి.
ఎవరు పిలిచినా మాత్రం పలకదు.
ఫిర్యాదు కాగితం మీద ఒక్క మాట: "రొద."

వ్యాన్ నెత్తిన యాంటెన్నా తిప్పుకుంటూ
క్వమ్ ఈరిన్ లోయలోకి దిగాను.
వేల్స్‌లో వాన కురవదు, కాపురం ఉంటుంది
గొర్రెల ఉన్నిలో, పలకరాళ్ల కప్పుల మీద,
నా కాలరు లోపల.
తెర మీద ఆకుపచ్చ గీత
చర్చి దగ్గర తలొంచింది.
పాత గని మలుపులో మళ్లీ లేచింది.
ఏడో నంబరు ఇంటి ముందు
పూనకం వచ్చినట్టు ఊగింది.

తలుపు తీసినాయన గెథిన్ ప్రోథెరో.
గుమ్మం పక్కన ఎర్ర జాకెట్టు, తాడు చుట్ట, హెల్మెట్,
ఏ అర్ధరాత్రయినా కాళ్లు దూర్చుకోవడానికి
నోళ్లు తెరుచుకున్న బూట్లు.
కొండల్లో చిక్కుకున్నవాళ్లను మోసుకొచ్చే దళంలో
ఇరవై రెండేళ్లుగా ఉన్నాడట.

"మా గోడలు మూడడుగుల మందం.
తాత కట్టాడు. గాలీ రాదు, సిగ్నలూ రాదు.
ఒక రాత్రి నాకు పిలుపు అందలేదు.
తెల్లారాక తెలిసింది.
ఆ రోజే పెట్టె తెప్పించాను."

అటక మీద, పాత దుప్పట్ల మధ్య,
పేరు లేదు, ముద్ర లేదు,
నలభై పౌన్ల పెట్టె.
అట్ట మీద మాత్రం మూడు భాషల్లో "మహా శక్తిమంతం."
బయటి యాంటెన్నా చిమ్నీకి కట్టాడు.
లోపలిది సరిగ్గా దాని కిందే, నీళ్ల ట్యాంకు మీద.
రెంటికీ నడుమ ఒక్క పలకరాయి.

ప్రార్థనాలయంలో మైకును స్పీకరుకు ఎదురు పెడితే
కుయ్యిమంటుందే, అదే ఇది, అన్నాను.
తన మాట తనే విని, ఇంకా గట్టిగా చెప్పి,
దాన్ని మళ్లీ తనే వింటుంది.
మీ ఫోన్ని మోయడం ఎప్పుడో మరిచిపోయింది,
రాత్రింబవళ్లు టవర్ చెవిలో అరుస్తోంది.

"నా ఇల్లు, నా కరెంటు," అన్నాడు, కోపంగా కాదు.
గోడలు మీవే.
గోడ దాటిన అల మీది కాదు.
అందుకే నియమం:
తన గొంతు తానే తగ్గించుకునే పెట్టెకే
ఇంట్లో చోటు. మిగతావి నేరం.

అతను నా మాట వింటున్నట్టు లేదు.
చేతి వేళ్ల మీద రోజులు లెక్కపెడుతున్నాడు.
"మొన్న ఆదివారం కూడానా?"

ఆదివారం, శిఖరం కింది రాళ్లలో
కాలు విరిగిన ఒక పిల్ల.
తోడున్న కుర్రాడు తొమ్మిది తొమ్మిది తొమ్మిది నొక్కీ నొక్కీ
విసిగి, చీకట్లో రెండు గంటలు నడిచి
ఈ వీధిలోనే తలుపు కొట్టాడు.
స్ట్రెచర్ ముందు కొస పట్టింది గెథినే.

తెలీదు అనొచ్చు నేను.
చిట్టా తెరవకుండా ఉండొచ్చు.
తెరిచాను. అటు తిప్పాను.
ఆదివారం సాయంత్రం నుంచి తెల్లారేదాకా
ఒకే ఎత్తున ఆకుపచ్చ గోడ.

ప్లగ్గు అతనే పీకాడు.
తెర మీద గీత కోసిన గడ్డిలా పడిపోయింది.
ఆ నిశ్శబ్దంలోకి లోయలో మొదట ఎవరు పిలిచారో
నాకు తెలీదు.

టీ పెట్టాడు. చక్కెర ఎంతని అడగలేదు.
అనుమతి ఉన్న పెట్టెల జాబితా ఇచ్చాను,
వైఫై మీదుగా కాల్ వెళ్లే దారి చూపించాను,
కరెంటు పోతే అదీ పోతుందని చెప్పక తప్పలేదు.
నేను వ్యాన్ తిప్పుతుంటే
గేటు దగ్గర, వానలో, ఫోను ఎత్తి పట్టుకుని
ఒక్క గీత కోసం అడుగులు కొలుస్తున్నాడు.

ఫారంలో "కారణం" అన్న గడి దగ్గర
చాలాసేపు ఆగాను.
గోడలు మందం, అని రాశాను.