సున్నా నుంచి పది దాకా

మూడో పేజీ, పదకొండో ప్రశ్న:
గత వారంలో నీ నొప్పి ఎంత? ఒక అంకె చెప్పు.

కర్నూలు పెద్దాసుపత్రిలో రేడియేషన్ గది బయట
నాపరాయి అరుగు మీద ఉలిగెమ్మ,
కోసిగి నుంచి తొలి బస్సుకే వచ్చింది,
దవడకు తువ్వాలు చుట్టుకుని.

"అంకె చెప్పేకి రాదు పాపా.
పగలు మంట.
సుగ్గికి పోయి మిరపకాయలు తెంపి తెంపి
గోటి సందున కారం దిగితే
ఎంత కడిగినా పోదే, అట్ల.
రేతిరి మంట గాదు, సలుపు.
లోపల ఎవురో జొన్నలు దంచుతా ఉంటారు.
మింగితే పోటు, చెవి దాకా.
ఇన్నిట్లో దేనికి రాస్తావు అంకె?"

ఏడు అని రాశాను.
కొట్టేసి, ఎనిమిది.

గురువారం నాలుగున్నరకు తెర వెలుగుతుంది.
కంపాలాలో అప్పుడు రెండు,
బెర్గెన్‌లో మంచు కురుస్తున్న పన్నెండు.
లెక్కలు చూసే ఇంగ్రిడ్ అడిగింది:
కర్నూలు కాగితాల్లోనే ఇన్ని కొట్టివేతలేంటి?

నా నర్సింగు స్కూలు ఇంగ్లీషులో
సలుపుకూ పోటుకూ తీపుకూ
ఉన్నది ఒకటే మాట.
చెప్పలేక, మేజా మీద పిడికిలితో దంచి చూపించాను.

డాక్టర్ నకాటో నవ్వలేదు.
కాసేపాగి తన మేజా మీద
అదే చప్పుడు చేసింది.
"మా వార్డులో ఒకామె ఇట్లాగే."

మాటలు రాస్తే మూడు దేశాల నొప్పిని
ఎట్లా కూడాలి, అంది ఇంగ్రిడ్.
తప్పు ప్రశ్న కాదు.
మా వార్డుకు రాత్రి మాత్ర ఒకటి పెరిగింది
ఆ ఎనిమిదులూ తొమ్మిదులూ చూసే.

ఆరు గురువారాలు వాదించుకున్నాం.
రెండుసార్లు కరెంటు పోయింది, ఒకసారి నాకు కోపమొచ్చింది.

కొత్త కాగితంలో అంకె గడి కింద
ఒక గీత: నీ మాటల్లో చెప్పు.
మూడంగుళాల గీత.
ఉలిగెమ్మకు చాలదు, వెనక్కి తిప్పి రాయాల్సిందే.

ఈ పొద్దు ఆమె ఏమీ చెప్పలేదు.
నా చేతిలో అట్ట లాక్కుని
దాని మీద వేలితో కొట్టింది.
ఒకటి.
చాలాసేపటికి, ఇంకొకటి.

"దంచేటోళ్ళు అలిసినట్టుండారు" అంది.

గీత మీద అదే రాశాను.
పైన అంకె గడి ఇంకా ఖాళీ.
లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు.