పదమూడో మలుపు

శుక్రవారం. దుకాణానికి తాళమేసి
అల్ ఐన్ సనాయా నుంచి
గంగమల్లు పికప్ వెనుక కూసొని వచ్చినం,
జబల్ హఫీత్ మీద, పదమూడో మలుపు కాడికి.

రెండు గంటలు రాళ్ళ మీద కాగినం.
జెండా కప్పుకున్న ఇటలీ ముసలాయన
మాకు నారింజ తొనలు పంచిండు,
మేం సర్వపిండి ముక్క ఇచ్చినం.
కారానికి కండ్ల నీళ్ళు పెట్టుకొని
మళ్ళ చెయ్యి చాపిండు.

ముందుగాల హెలికాప్టర్.
తర్వాత కింద ఎక్కడో కేకలు,
మలుపు మలుపుకు పైకి పాక్కుంట.

అందరు మొఖాలు చూస్తున్నరు.
నేను చైన్లు వింటున్న.
పద్నాలుగేండ్ల సంది పంక్చర్లు, ఫ్రీవీళ్ళు,
కఫ్టీరియా పిలగాండ్ల తుప్పు సైకిళ్ళు.
ఇవి దగ్గవు, మూలుగవు,
ఇసుకల పాము లెక్క సర్రున పోతయి.

ముందున్న ముగ్గురిల పచ్చంగీ పిలగాడు
సరిగ్గా మా ముందే సీటు మీంచి లేచిండు.
టక్.
ఎవ్వరికన్న ముందు నాకే తెలిసింది.
"చైన్ పడ్డది!" ఒర్రిన, తెలుగుల.

దిగిండు. వంగిండు. వేళ్ళు వణుకుతున్నయి.
"కింది పంటికి తగిలియ్యి, పెడలు వెనుకకు తిప్పు!"
కంచె ఇవతల నా చేతులు
గాలిల తిప్పుతనే ఉన్నయి.

పట్టింది!
ఇటలాయన కంచె దాటి వీపు పట్టి తోసిండు,
గంగమల్లు ఒంటి చెప్పుతోని వెంట ఉరికిండు,
తొక్కు తమ్మీ, తొక్కు!

గెలిచిందెవరో పైన మైకుల చెప్పిన్రు.
గాలికి సగమే వినవచ్చింది.

పికప్ ఎక్కుతుంటే చూసుకున్న,
మరకే లేని చేతులు
ప్యాంటుకు తుడుస్తున్న.