రెండో బ్రేకు

పిల్లకు పద్దెనిమిది నిండిన పొద్దున
టీ గ్లాసు నా చేతికిచ్చి
"నాయనా, కారు నేర్చుకుంటా" అనింది.
ఎందుకే అంటే
"నువ్వు నేర్చుకునేటప్పుడు నిన్నెవరన్నా అడిగినారా?"
అడగలేదు, నిజమే.
నాకు స్టీరింగు కూటికోసం.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ.
అందరి వేళ్ళూ నా వైపే.
ఇరవైరెండేండ్లు తాడిపత్రి బండలు
మద్రాసుకు తోలినోణ్ణి,
టైరు కింద గులకరాయి చిట్లితే
అది ఏ చక్రమో చెప్పేటోణ్ణి.
ఇంట్లో డ్రైవరుండగా బయట దుడ్లు పోసేదేమని
మా అమ్మ తిమ్మక్క తేల్చేసింది.

మా బామ్మర్ది గంగాధర "నేనుండానుగా" అన్నాడు.
వాని తోలుడు నాకు తెలుసు.
ఒక చెయ్యి స్టీరింగుకు, ఒక చెయ్యి సెల్లుకు.
అనంతపురం ఎంతసేపట్లో పోయినాడో
ఊరంతా చెప్పుకోవల్ల.
పోయేది నేర్పుతాడు వాడు.
ఆగేది ఎవరు నేర్పల్ల?

మూలన కూర్చుని కొర్రలు చెరుగుతున్న సుంకులమ్మ
చేట ఆపింది.
తల ఎత్తకుండానే
"మీ నాయన మాత్రం వద్దులే చైత్రా" అనింది.

ఎవరికీ అర్థం కాలేదు.
నాకైంది.

పెండ్లైన రెండో ఏడు
మోపెడ్ నేర్పుతానని తనను తీసుకపోయినా.
యాడికి పోతాండామంటే
యాడికికే అని ఊరిపేరు చెప్పి నవ్వించినా.
నవ్వు అంతవరకే.
ఆ తర్వాత వెనక సీట్లో కూర్చుని
బ్రేకు, బ్రేకు, గాడిదా, బ్రేకు అని
నేను అరిచిన అరుపులకు
బండి కందిచేన్లోకి దూరింది.
దెబ్బ కూడా తగల్లేదు.
కందికట్టె కొడుతున్న జనం నవ్వినారు,
వాళ్ళతో కలిసి నేనూ నవ్వినా.
ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా
అంగడికి నడిచే పోతాది ఆ మనిషి.

నాకు నేర్పిన పెద్ద డ్రైవరు
తప్పుపడితే స్పానరుతో మోకాలిచిప్ప మీద కొట్టేవాడు.
ఘాటులో గేరు మార్చితే
ఇప్పటికీ ఆ చిప్పకు గుర్తొస్తాది.
గట్టిగా నేర్పినాడని గొప్పగా చెప్పుకున్నా అందరికీ.
స్పానరు ఆయనతోనే పోయిందనుకున్నా.
నా గొంతులో దాచుకున్నానని
చేట ఆగినాక తెలిసింది.

"మాబాషా దగ్గరికి పంపుదాం" అన్నా.
"మూడువేలా?" అనింది మా అమ్మ.
"మూడున్నర" అన్నా.

మాబాషా కారులో రెండు బ్రేకులు.
ఒకటి పిల్ల కాలికింద, ఒకటి ఆయన కాలికింద.
ఆయన అరవడు.
కాలు కదుల్తాది, బండి ఆగుతాది,
నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకుని
"మళ్ళా చేద్దాం తల్లీ" అంటాడు.
నాకుండే రెండో బ్రేకు
నోరొక్కటే.

నాలుగో దినం
పాలిష్ ఫ్యాక్టరీలో పనుందని ఇంట్లో అబద్ధం చెప్పి
మోటార్‌సైకిల్ మీద వాళ్ళ వెనకాలే పోయినా.
పెన్న వంతెన ఎక్కే ఎత్తులో
ఎల్ బోర్డు కారు ఒక దగ్గు దగ్గి
ఆగిపోయింది.
కొంచెం వెనక్కి జారింది, నా వైపు.

నేల మీదున్న నా కుడికాలు
లేని బ్రేకును తొక్కింది.
బొటనవేలు అప్పటికే హారను మీద ఉండాది.
ముందు బండి ఆగితే
ఆ వేలు నన్ను అడగదు,
ఇరవైరెండేండ్ల ఉద్యోగం దానిది.

నొక్కలేదు.

నా వెనక రాతిపొడి ట్రాక్టరోడు నొక్కినాడు,
వాని వెనక ఆర్టీసీ.
తిరిగి, చెయ్యి చాపి
ఆగమన్నా.
ఆగనోళ్ళు తిట్టుకుంటా పక్కనుంచి పోయినారు.
కారు ఇంకోసారి దగ్గింది.
మూడోసారికి కదిలింది.
అద్దంలో పిల్ల నన్ను చూసిందో లేదో.

రాత్రి కూటి దగ్గర నేనేమీ అడగలేదు.
సుంకులమ్మే రాగిసంగటి ముద్ద తట్టలో పెడుతూ
"ఫ్యాక్టరీ వంతెన మీదికి మారిందంటనే" అనింది.
పిల్ల పప్పులోకి చూసి నవ్వుకుంటాంది.

ఏం చెప్పాలో తెలీక
"మాబాషా పెద్దోళ్ళకు కూడా నేర్పుతాడంట" అన్నా.

గరిటె ఒక్క గడియ ఆగింది.
"పులుసు పోయమంటావా?" అనింది.