బల్ల వెడల్పు

హవల్లీలో శుక్రవారం సాయంత్రం,
కంప్యూటర్ అంగళ్ల వీధి అప్పుడే షట్టర్లు ఎత్తుతోంది.
ఎండ దిగింది గానీ వేడి దిగలేదు,
గోడలింకా పెనంలాగే ఉన్నాయి.

సంచిలో నూట తొంభై దినార్లతో వచ్చాను,
పద్నాలుగు నెలలు కూడబెట్టినవి.
కేసు, బోర్డు, ప్రాసెసర్ అయ్యాక
ముప్పై ఆరు మిగిలాయి.
కొనాల్సింది ఇక ర్యామ్ ఒక్కటే.

షిజు రెండు డబ్బాలు కౌంటర్ మీద పెట్టాడు.
రెండింటి ధరా ఒకటే.
ఒకదాంట్లో పదహారు జీబీ, యమ వేగం,
పైన రంగు దీపాలు, పెళ్లి ఊరేగింపు లాగా.
ఇంకోదాంట్లో ముప్పై రెండు,
నల్లగా, నిదానంగా, పళ్లరిగిన దువ్వెనలా.
"గేమ్సా మేడమ్, పనా?" అన్నాడు హిందీలో.

పనే. ఏసీ డక్టుల డ్రాయింగులు.
గాలి ఏ మలుపు తిరిగి ఏ గదిలోకి పోవాలో
గీసివ్వడం నా బతుకుతెరువు.
నలభై ఒక్క అంతస్తుల ఫైలు తెరిస్తే
ఆఫీసు పెట్టె ఆవులిస్తుంది,
ఆరో అంతస్తు కావాలంటే పదకొండోది మూయమంటుంది.

వేగమే తీసుకుందామనిపించింది.
ఈ దేశంలో నన్నెవరైనా మెచ్చుకుంది
తొందరగా చేస్తానని తప్ప దేనికీ కాదు.

పక్కనే ఓబులమ్మక్క.
నెలకో శుక్రవారం సెలవు ఆమెకు,
అందులో సగం ఈ అంగట్లో నా కోసం నిలబడింది.
జాబ్రియాలో పెద్దింటి వంటమ్మ, పదకొండేళ్లుగా.
"ధర ఒకటే అయితే ఆలోచన యాలా మే?"

మెమరీ అంటే జ్ఞాపకం కాదక్కా,
ఆ మాట ఇక్కడ పనికిరాదు,
కరెంటు పోతే అన్నీ మరిచిపోయే జాతి ఇది.
పని జరిగేంతసేపు సామాను పరుచుకునే బల్ల అనుకో.
వేగమంటే చేతి చురుకు.
"బల్ల చాలకపోతే?"
డిస్కులో దించి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది.
"డిస్కంటే నేలా?"
నేలే అక్కా.

కాసేపు ఆ రంగు దీపాల వైపు చూసింది.

"మా మేడమ్ వంటింట్లో పొయ్యిలు ఆరు.
ముట్టిస్తే బుస్సుమని లేస్తాయి.
బల్ల మాత్రం ఇంత" అని మోచెయ్యి చూపించింది.
"రంజాన్ నెలంతా ముప్పై మందికి వండాల.
మచ్బూస్ దించి యాడ పెడతా? నేల మీద.
హరీస్ యాడ? నేల మీద.
పెట్టేటప్పుడొకసారి వంగాల, తీసేటప్పుడొకసారి.
పొయ్యి ఎంత తొందరగా మండితే
అంత తొందరగా వంగాల, అంతే తేడా.
చేతి చురుకు నాకు లేకనా?"

షిజుకు తెలుగు రాదు.
ఆమె నడుము పట్టుకోవడం చూసి
లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

ముప్పై రెండూ ఒకే ముక్కగా తీసుకుంటే
రెండు దినార్లు తగ్గిస్తానన్నాడు.
రెండు పదహార్లయితే జతగా లాగుతాయట.
జత అన్న మాట నా నోట పూర్తికాక ముందే
"ఒంటెద్దు బండి వద్దు మే" అంది.

రాత్రి ఖైతాన్ గదిలో
ప్లాస్టిక్ పీట మీద కేసు తెరిచి బిగించాను.
ఒకటి టిక్కుమంది.
రెండోదానికి బొటనవేళ్లు ఎర్రబడ్డాయి.
ఫైలు తెరుచుకోవడానికి ఇరవై సెకన్లు,
ఆ దీపాలదైతే పద్దెనిమిదేమో.
మిగిలే రెండు సెకన్లలో ఏం చేసేదాన్నో
ఎంత ఆలోచించినా తట్టలేదు.
నలభై ఒక్క అంతస్తులూ పక్కపక్కన పరుచుకున్నాయి,
ఏదీ మూయమనలేదు.

పదిన్నరకు ఫోన్ చేసింది, గుసగుసగా,
అంట్లు తోముతూ.
"పెట్టె వంగడం ల్యా గదా?"
లేదక్కా, నిలబడే ఉంది.
"అయితే మంచి సరుకే."

తర్వాత మాట లేదు.
ఫోన్ ఎక్కడో పెట్టినట్టుంది.
రాతి మీద తపేలా ఆనిన చప్పుడు,
చిన్న మూలుగు,
మళ్లీ నీళ్లు.